ప్లేటు మీది గీత

మనిషి వంగితే ఎముకలు వంగాలి, కానీ తెర మీద ఎముకలతో పాటు ఎక్స్‌రే ప్లేటు మీది గీత కూడా ఎనిమిది డిగ్రీలు వంగి ఉంది, అదీ మా బావ నడుము బొమ్మలో, అతని ఆపరేషన్ ఇంకో గంటలో ఉందనగా.

వెంట్రుకంత గీత అది. మా ఆసుపత్రి కింది అంతస్తు ఎక్స్‌రే గదిలోని పాత ప్లేటు మీద ఎప్పుడో ఎవరి గడియారమో గీసుకుని పడింది. ఆ ప్లేటుతో ఎవరిని తీసినా బొమ్మలో కుడివైపు పై మూలన, అదే చోట, అదే ఏటవాలుగా సన్నని తెల్ల వెంట్రుకలా కనిపిస్తుంది. మనిషి నిలబడినా, ముందుకు వంగినా, వెనక్కి వాలినా ప్లేటు మాత్రం గోడ మీది చట్రంలో బిగించి ఉంటుంది కాబట్టి గీత కదలదు. ఆరేళ్ళుగా రోజుకు ముప్పై బొమ్మలు చూస్తున్నాను, చూసి చూసి ఆ గీతను చూడటమే మానేశాను, ఇంటి గోడ మీది పాత మేకును ఇంట్లోవాళ్ళు చూడనట్టు. ఇవాళ చూశాను. నిటారు బొమ్మలో మూలన బుద్ధిగా ఉన్న గీత, ముందుకు వంగిన బొమ్మలో పూసలతో కలిసి వంగింది. గీతకు నడుము లేదు. గీత వంగదు. ఎవరో బొమ్మను వంచారు.

గోడ గడియారంలో తొమ్మిది దాటి మూడు నిమిషాలు. పది గంటలకు బావను లోపలికి తీసుకెళ్తారు. లేవాలి, లేవలేకపోతున్నాను, చెయ్యి మౌస్ మీదే అతుక్కుపోయింది, అలవాటు పడ్డ చెయ్యి, పూస మూల కనబడితే చాలు దానంతటదే చుక్క పెట్టేస్తుంది. నా పనే అది. నడుములో ఐదు పూసలు, ఒక్కో పూసకు నాలుగు మూలలు, మూలకో చుక్క. నిటారుగా తీసిన బొమ్మ ఒకటి, ముందుకు వంగింది ఒకటి, వెనక్కి వాలింది ఒకటి. అరవై చుక్కలు పెట్టాక నేను రాసిన ప్రోగ్రాం చెబుతుంది, ఏ పూస తన కింది పూస మీద ఎంత తిరిగింది, ఎంత జారింది అని. జారే పూస దొరికితే డాక్టర్లు దాన్నీ కింది పూసనూ కలిపి స్క్రూలు బిగిస్తారు, ఇక ఆ జంట జన్మలో వంగదు. బొమ్మల మీద పేర్లుండవు, నంబర్లే. మనిషి ఎవరో తెలిస్తే చెయ్యి పక్షపాతం చూపిస్తుందని ఆ నియమం పెట్టమని పట్టుబట్టింది కూడా నేనే. అందుకే రెండు వారాల కిందట నూట నలభై ఏడో నంబరుకు 'నాలుగో పూస ఐదు మిల్లీమీటర్లు జారుతోంది' అని రాసి, కింద పొడి సంతకం గీకి, టీ తాగడానికి వెళ్ళిపోయాను. ఆ నూట నలభై ఏడు మా బావేనని ఇవాళ పొద్దున అక్క ఫైలు నా చేతిలో పెట్టేదాకా తెలీదు. "కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో ఒక్కసారి చూడవే" అంది. చూశాను. పైన నంబరు, కింద నా సంతకం. అక్క నా భుజం మీదుగా తొంగి చూసి, "ఇది నీ సంతకమేగా? హమ్మయ్య! ఇంక నాకు బెంగ లేదు" అంది.

ఆ మాటకే ఐదో అంతస్తులోని నా గదికి వచ్చాను. బొమ్మ మళ్ళీ తెరిచాను. బెంగంతా నా దగ్గరికే వచ్చి కూర్చుంది.

రెండు బొమ్మలూ ప్రింటు తీసుకుని మెట్లకేసి పరుగెత్తాను. లిఫ్టు కోసం నిలబడే ఓపిక లేదు. నాలుగు అంతస్తులు, చెప్పులు టపటపా కొట్టుకుంటున్నాయి, ఎనిమిది డిగ్రీలు, ఐదు మిల్లీమీటర్లు, ఎనిమిది, ఐదు, మెట్టు మెట్టుకూ అదే మోత. రెండో అంతస్తు మలుపులో ఎవరో ఎదురొచ్చి గోడవైపు తప్పుకున్నారు, క్షమించమనడానికి కూడా తల తిప్పలేదు, ఎందుకంటే సరిగ్గా అక్కడే ఆ అంకెలు ఎక్కడివో గుర్తొచ్చి రెండు చేతులతో రెయిలింగ్ పట్టుకోవాల్సి వచ్చింది. అవి నావి. ప్రోగ్రాం సరిగ్గా కొలుస్తోందో లేదో పరీక్షించడానికి మూడేళ్ళ కిందట నేనే ఒక చిన్న పనిముట్టు తయారుచేశాను. నిటారు బొమ్మను దానికిస్తే, నాలుగో పూస కింద అడ్డంగా కోసి, పైనున్నదంతా ఒక్క ముక్కగా వంచి, కాస్త ముందుకు జరిపి ఇస్తుంది. ఎంత వంచామో మనకు ముందే తెలుసు కదా, ప్రోగ్రాం కూడా అంతే చెబితే పాసు. ఎంత వంచాలో చెప్పకుండా ఊరికే బటన్ నొక్కితే అది ఎనిమిది డిగ్రీలు వంచుతుంది, ఐదు మిల్లీమీటర్లు జరుపుతుంది. ఆ అంకెల వెనక గొప్ప శాస్త్రమేమీ లేదు. అది రాసిన రోజు ఐదో నెల ఎనిమిదో తేదీ. ఏదో ఒక అంకె కావాలి, తేదీ వేసేశాను. ఒక తేదీ పట్టుకుని మా బావ నడుములో స్క్రూలు బిగించబోతున్నారు.

ఇంకా సిగ్గుపడాల్సింది ఉంది. నిజంగా వంగిన నడుములో అన్ని పూసలూ తలా కాస్త వంగుతాయి, గొలుసులో లింకుల్లాగా. బావ బొమ్మలో నాలుగోది తప్ప మిగతావన్నీ కట్టెల్లా ఉన్నాయి. అది ఆ రోజే చూశాను. చూసి, 'నొప్పి వల్ల మిగతా నడుము బిగుసుకుంది' అని రాశాను, ఎంత తెలివి! ఆరు నెలల్లో అలాంటివి ఆరు వచ్చాయి. ఆరింటిలోనూ నాలుగో పూసే, ఆరింటిలోనూ ఇంచుమించు అంతే. నేను సంబరపడ్డాను. గ్రాఫు గీసి గోడకు అంటించాను. ఇందులో ఏదో కొత్త సంగతి ఉందని, దొరికితే నాకే దొరకాలని ఉవ్విళ్ళూరాను. నా తేదీని నేనే కొలిచి, నేనే ఆశ్చర్యపోయానన్నమాట.

ఆ పనిముట్టు సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరు. ఒకరు నేను. రెండోవారు ఎక్స్‌రే తీసే పెద్దాయన, ఆసుపత్రి మొత్తం ఊపిరాయన అని పిలిచే మనిషి. పొద్దుటినుంచి సాయంత్రం దాకా "ఊపిరి పీల్చండి, బిగబట్టండి, కదలకండి, ఇంక వదలండి" అంటూనే ఉంటారు కాబట్టి ఆ పేరు. మరీ ముద్దుగా అంటారు ఆ మాట, వదలండి అనగానే లోపలి మనిషితో పాటు బయట బెంచీ మీదున్నవాళ్ళూ వదులుతారు. పనిముట్టును పరీక్షించే రోజుల్లో మధ్యాహ్నాలు ఖాళీ దొరికితే పైకి వచ్చి నా పక్క కుర్చీలో కూర్చునేవారు, "నాకూ నేర్పండమ్మా, ముప్పై నాలుగేళ్ళుగా తీయడమే గానీ తర్వాత వీటినేం చేస్తారో చూసింది లేదు" అనేవారు. నేర్పాను. బటన్ నొక్కి పూస వంగితే చప్పట్లు కొట్టారు. ఆయన కాదు. ఆయన కాకపోతే నేనే. నేను కాదు. మొదటి అంతస్తు వచ్చేసింది.

పెద్ద డాక్టరు ఆపరేషన్ గదుల ముందు సింకు దగ్గర మోచేతులదాకా నురగ పట్టించుకుంటున్నాడు. పొడుగు మనిషి, తక్కువ మాటలు. చేతులు తడిగా ఉన్నాయి కాబట్టి ప్రింట్లు నేనే ఆయన కళ్ళముందు పట్టుకున్నాను.

"ఈ గీత చూడండి. ఇప్పుడు ఇందులో చూడండి."

చూశాడు. నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

"గీత వంగిందని ఆపరేషన్ ఆపమంటావా అమ్మా?"

"బొమ్మ అబద్ధమని ఆపమంటున్నాను. నాలుగో పూస జారుతోందని రాసింది నేనే. ఇప్పుడు కాదంటోందీ నేనే."

"ఇలా వంచే పనిముట్టు ఎవరి దగ్గరుంది?"

"నా దగ్గర."

ఆయన కనుబొమలు లేచాయి. ఆ ఒక్క క్షణంలో ఆరేళ్ళ నా పేరు ఆ సింకులో నీళ్ళతో పాటు జారిపోతున్నట్టు అనిపించింది. అయినా గొంతు తగ్గలేదు, ఎక్కడినుంచి వచ్చిందో ఆ మొండితనం. "ముందు అతన్ని మళ్ళీ ఫొటో తీయండి. తర్వాత నన్ను నిలబెట్టి అడగండి."

"మత్తు ఇంకా ఇవ్వలేదు. పదికల్లా కొత్త బొమ్మ నా ముందుండాలి. జారిందా, నేను లోపలికి వెళ్తాను, నువ్వు మళ్ళీ అడ్డం రాకూడదు."

"జారకపోతే?"

"జారకపోతే అప్పుడు మాట్లాడుకుందాం."

తొమ్మిదీ పదహారు. ఎక్స్‌రే గది తలుపు మీద ఎర్రదీపం వెలుగుతోంది, లోపల ఎవరిదో మోకాలు. దీపం ఆరేదాకా ఎవరూ వెళ్ళడానికి లేదు, రాజైనా బెంచీ మీద కూర్చోవాల్సిందే. బావను చక్రాల మంచం మీద తెస్తామన్నారు, వద్దన్నాడు, ఆకుపచ్చ గౌను వెనక ముడి ఒక చేత్తో, గోడ ఒక చేత్తో పట్టుకుని నడిచి వచ్చాడు, నడుము నుంచి కాస్త ఎడమకు ఒరిగి. ముఖంలో నొప్పి ఉంది గానీ నోట్లో లేదు.

"ఏమే కొలబద్దా, కోయించకుండానే మళ్ళీ కొలతలా? మీ టైలరు షాపు సంగతి నాకేం అర్థం కావట్లేదు."

"నువ్వు నోర్ముయ్యి" అంది అక్క. నావైపు తిరిగి, "ఏదో తేడా ఉంది కదూ? నీ మొహం చూస్తే తెలుస్తోందే. చెప్పు" అంది.

"పూస జారట్లేదేమో అక్కా."

"ఏమో ఏంటి? సంతకం పెట్టింది నువ్వేగా?"

నేనే. బెంచీ చల్లగా ఉంది. ఎదురుగోడకు లేత నీలం రంగు, పైకప్పు కలిసేచోట బ్రష్ తడబడి తెల్లదనంలోకి రెండు వేళ్ళు పాకింది. బావ దాన్నే చూస్తున్నాడని నాకు తెలుసు, ఎక్కడికెళ్ళినా గోడా కప్పూ కలిసే గీత చూసి మనిషిని అంచనా వేస్తాడు, ఎవడో నిచ్చెన సరిగ్గా వేసుకోలేదు అంటాడు. పాతికేళ్ళుగా నిచ్చెన మీదే బతికాడు. వంగి బకెట్టులో బ్రష్ ముంచడం, నిటారుగా లేవడం, వెనక్కి విరుచుకుని కప్పుకు రాయడం, మళ్ళీ వంగడం, నా మూడు బొమ్మలూ అతని బతుకు, నిటారు, ముందుకు, వెనక్కి. నాకు పదకొండేళ్ళప్పుడు మా అద్దె ఇంటికి రంగులు వేయడానికి వచ్చాడు, అప్పటికి బావ కాడు, ఇరవయ్యేళ్ళ సన్నటి మనిషి, పలచని బనీను చెమటకు వీపుకు అంటుకుని ఉండేది. అతను బకెట్టులోకి వంగినప్పుడల్లా బనీను కింద గుండ్రటి గుబ్బలు ఒక్కొక్కటే లేచేవి, మెడ దగ్గర మొదలై కిందిదాకా, లేచినప్పుడు మళ్ళీ మాయం. నేను మెట్టు మీద కూర్చుని లెక్కపెట్టాను. "నీ వీపు మీద పదిహేను గుండ్లున్నాయి" అని చెప్పాను. "పదిహేనేనా? మళ్ళీ లెక్కపెట్టు, పొద్దున పదిహేడుండాలి, ఎవరో రెండు కొట్టేశారు" అన్నాడు, లోపల అక్క పకపకా నవ్వింది, ఆ నవ్వుకే ఆ గది రంగు మూడురోజుల పని కాస్తా తొమ్మిది రోజులైందని మా అమ్మ తర్వాత చాలాకాలం చెప్పుకుంది. ఆ తొమ్మిది రోజుల్లో ఒకనాడు నేను అతని నడుము దగ్గర చాక్‌పీసుతో ఒక చుక్క పెట్టి, పైకి జానెడు కొలిచి ఇంకో చుక్క పెట్టి, "ఇప్పుడు వంగు" అన్నాను. వంగాడు. మళ్ళీ కొలిచాను. జానెడు కాస్తా జానెడు మీద మూడు వేళ్ళైంది. వంగితే వీపు పొడుగవుతుంది! ఆ సంగతి నాకంటే ముందు ఎవరికీ తెలీదని ఒట్టేసి చెప్పగలిగేదాన్ని. వీధంతా తిరిగి దొరికిన ప్రతివాణ్ణీ వంగమన్నాను. అప్పటినుంచి అతనికి నేను కొలబద్దను. ఆ రెండు చాక్‌పీసు చుక్కలే పెరిగి పెరిగి ఇవాళ అరవై చుక్కలయ్యాయి. మొదటి చుక్కలు పెట్టిన నడుమునే ఇవాళ గుర్తుపట్టలేదు నేను. నంబరు చూశాను, నడుము చూడలేదు.

ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. తొమ్మిదీ ఇరవై తొమ్మిది. ఆ మోకాలికి ఎన్ని ఫొటోలు?

నిజంగా జారుతూ ఉంటే? ఆ ఆలోచన ఇప్పుడు వచ్చింది, ఎర్రదీపంలా వచ్చి కూర్చుంది. బొమ్మ అబద్ధమైనంత మాత్రాన ఎముక నిజంగా బాగున్నట్టు కాదు. దొంగ బొమ్మ వెనక దొంగ కాని జబ్బు ఉండొచ్చు. అప్పుడు నేను చేసిందేమిటి, నొప్పితో ఉన్న మనిషిని మళ్ళీ వంచి ఏడిపించి, పది గంటలకు పంపాల్సినవాణ్ణి పదింపావుకు పంపి, ఆరేళ్ళ పేరు సింకులో వదిలి రావడం. బావ వైపు చూశాను. అక్క అతని గౌను ముడి విప్పి మళ్ళీ గట్టిగా కడుతోంది, "ఇలా వదులుగా కట్టుకుని ఆసుపత్రంతా తిరిగావా, సిగ్గులేదూ" అంటోంది, "నీకు చూపించుకోవడం మానేసి ఇరవయ్యేళ్ళైంది, ఊళ్ళోవాళ్ళైనా చూడనీ" అంటున్నాడు. ముడి వేసేటప్పుడు వెనక గౌను కాస్త తెరుచుకుని నడుము కనబడింది. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "బావా, ఒక్కసారి గోడకు చేతులానించు" అన్నాను. చిటికెన వేలి గోరుతో ఒక గుర్తు, పైకి జానెడు, ఇంకో గుర్తు. "ఎంత వంగగలవో అంత వంగు." వంగాడు, పళ్ళ బిగువున, కొంచెమే. కొలిచాను. జానెడు మీద వేలు. ఒక్క వేలే, కానీ గుబ్బలు లేస్తున్నాయి, ఒకటి కాదు, రెండు, మూడు, అన్నీ తలా కాస్త లేస్తున్నాయి. గొలుసు కదులుతోంది! చేతివేళ్ళు నాకంటే ముందు నమ్మేశాయి.

ఎర్రదీపం ఆరింది.

ఊపిరాయన తలుపు తీశారు. తెల్ల జుట్టు, చొక్కా జేబులో రెండు పెన్నులు, మెడలో కళ్ళజోడు. నన్ను చూశారు, బావను చూశారు, నా వెనకే చేతులు తుడుచుకుంటూ వస్తున్న పెద్ద డాక్టరును చూశారు. డాక్టరు రాసిన కాగితం అందుకుని చదివారు. "ముందుకు వంగి, మళ్ళీ" అన్నారు, చదువుతున్నట్టు కాక ఎవరో తన చేత చెప్పిస్తున్నట్టు.

బావ లోపలికి అడుగుపెడుతూ, "మళ్ళీ వంచుతారటగా పెద్దాయనా? పోయినసారి మీరు మంచివారు, అబ్బా అన్నానో లేదో, చాల్లే బాబూ, వంగకపోతే మానె, ఇంటికెళ్ళు అన్నారు" అన్నాడు, నవ్వుతూ, మంచి మనిషిని మెచ్చుకుంటున్నట్టు.

పెద్ద డాక్టరు నావైపు చూశాడు. నేను ఊపిరాయన వైపు చూడలేదు, చూడదలచుకోలేదు, చూస్తే మూడేళ్ళ మధ్యాహ్నాలన్నీ ఒక్కసారి చూడాలి. ఇప్పుడు తీరిక లేదు. తొమ్మిదీ ముప్పై నాలుగు.

"బావా, నీ కాళ్ళముందు బకెట్టు ఉందనుకో" అన్నాను, కిరణాలు తగలకుండా పెట్టిన అద్దం వెనకనుంచి. "బ్రష్ ముంచు."

"ఏ రంగు?"

"నీ ఇష్టం."

"తెలుపే వేద్దాం. మీ బొమ్మల్లో నేనుండేది తెల్లగానేగా."

వంగాడు. మొదట భుజాలు, తర్వాత వీపు, అక్కడ ఆగాడు, మెడ నరాలు తాళ్ళలా లేచాయి, పక్కన నిలబడ్డ అక్క అద్దం మీద అరచెయ్యి ఆనించింది, నేను లోపల్లోపల ఇంకొంచెం ఇంకొంచెం అంటున్నాను, పదకొండేళ్ళ పిల్లలా, ఇంకొంచెం వంగు, ఇంకో గుబ్బ లేవాలి, బ్రష్ ముంచు బావా, అతను "హా" అని ఒక్క కేక పెట్టి నడుమును వదిలేశాడు, వదిలేయగానే అది దిగింది, కిందికి, ఇంకా కిందికి, చేతివేళ్ళు మోకాళ్ళు దాటి పిక్కల మీదికి వెళ్ళాయి, లేని బకెట్టులో లేని బ్రష్ మునిగింది.

"ఊపిరి పీల్చండి" అన్నారు ఊపిరాయన. ఆ గొంతు అంత సన్నగా ఎప్పుడూ వినలేదు. "బిగబట్టండి. కదలకండి." టక్. "వదలండి."

వెనక్కి వాలిన బొమ్మ సులువుగానే అయింది. నిటారుది మొదటే తీశారు. ప్లేటును తీసి, దాన్ని చదివే రీడరు యంత్రంలో పెడితే బొమ్మ రావడానికి నిమిషంన్నర పడుతుంది. తెర మీద పైనుంచి కిందికి వరసలు వరసలుగా దిగుతోంది, తెర దించుతున్నట్టు కాదు, ఎత్తుతున్నట్టు. ముందు పైమూల. గీత! ఎక్కడుండాలో అక్కడే, వెంట్రుకంత కూడా కదలకుండా, ఆరేళ్ళుగా నేను చూడకపోయినా అలగకుండా అక్కడే ఉన్న నా గీత. తర్వాత మొదటి పూస, రెండోది, మూడోది, అన్నీ ముందుకు తలవంచి, వరసలో నిలబడ్డ పిల్లల్లా. నాలుగోది. దాని కింద ఐదోది. అక్కడి కంప్యూటరులోనే నా ప్రోగ్రాం తెరిచాను, చెయ్యి మౌస్ మీదికి వెళ్ళింది. పెద్ద డాక్టరు నా కుర్చీ వెనక నిలబడ్డాడు, ఆయన చేతుల సబ్బు వాసన తెలుస్తోంది. చుక్క. చుక్క. వెనక మూల కాస్త మసక, పెద్దది చేసి చూసి చుక్క. ఈ నడుము నాకు తెలుసు, ప్రపంచంలో నేను కొలిచిన మొదటి నడుము ఇది. అరవయ్యో చుక్క. లెక్క బటన్.

మొదటి జత ఆరు డిగ్రీలు. రెండోది ఏడు. మూడోది తొమ్మిది. నాలుగోది పది. జారుడు, సున్నా పాయింట్ ఆరు మిల్లీమీటర్లు.

"ఇంకోసారి" అన్నాడు డాక్టరు.

చుక్కలన్నీ చెరిపి మళ్ళీ పెట్టాను. సున్నా పాయింట్ ఐదు.

"చుక్క కాస్త అటూ ఇటూ అయితే వచ్చేంత" అన్నాను. "అంటే జారట్లేదు. పూస తన చోట తను ఉంది."

ఆయన తెర దగ్గరికి వంగి, కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని, నాలుగో పూసను వేలితో తాకాడు. "కండరాలు పట్టేశాయి. నొప్పి నిజమే, జబ్బు మాత్రం నేననుకున్నది కాదు. స్క్రూలు అక్కర్లేదు. మూడు నెలలు వ్యాయామం, ఆ తర్వాత నిచ్చెన" అన్నాడు. తలుపు దగ్గర ఆగాడు. "నువ్వు అడ్డం రాకపోతే ఈపాటికి కోసేసేవాణ్ణి" అన్నాడు, అంతే, ఆపరేషన్ రద్దయిందని చెప్పడానికి వెళ్ళిపోయాడు. తక్కువ మాటల మనిషి నుంచి అంత పెద్ద మాట వస్తుందనుకోలేదు. నాకు ఆ నీలం గోడల మధ్య గట్టిగా కేక పెట్టాలనిపించింది, పెట్టలేదు, లోపల మాత్రం ఎవరో ఢంకా కొడుతున్నారు, తేదీ ఓడిపోయింది, ఎముక గెలిచింది, గీత గెలిచింది, జానెడు మీద మూడు వేళ్ళు గెలిచింది!

అక్క ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు, బావ మీదికి వెళ్ళింది. "జారని ఎముక పెట్టుకుని నాలుగు నెలల్నుంచి నా చేత మంచం మీదికి కాఫీ తెప్పించుకున్నావా!"

"సరే, రేపటినుంచి నేనే నీకు తెస్తాలే."

"వంగి ఇవ్వాలి. బాగా వంగి ఇవ్వాలి."

ఇద్దరూ నడవాలోకి వెళ్ళారు, ఒరిగి నడిచే మనిషీ అతని గౌను ముడి పట్టుకుని నడిచే మనిషీ. వాళ్ళ మాటలు మలుపు తిరిగేదాకా వినబడ్డాయి. తొమ్మిదీ నలభై తొమ్మిది. గదిలో నేనూ ఊపిరాయనా మిగిలాం. తెర మీద గీత తన మూలన తను ఉంది.

ఆయన తలుపు వేశారు. పైన ఎర్రదీపం వెలిగించారు, ఎవరూ రాకుండా. రోగులు కూర్చునే స్టూలు మీద కూర్చున్నారు. చొక్కా జేబులోంచి మడతలు పడ్డ కాగితం ఒకటి తీసి మోకాలి మీద పెట్టుకుని, దాన్ని సాపు చేస్తూ చెప్పారు.

"నేనేనమ్మా. అడగక్కర్లేదు, నేనే. మీరు ఫైలు మీద ఎర్ర టిక్కు పెట్టి, వంగుడు చాలలేదు మళ్ళీ తీయాలి అని కిందికి పంపేవారు. మీ తప్పు కాదు, వంగకపోతే కొలత రాదని నాకు నేర్పిందీ మీరే. కానీ మళ్ళీ వంచాల్సింది నేను కదా. ముప్పై నాలుగేళ్ళు కదలకండి అని చెప్పిన నోరు ఇది, ఇంకా వంగండి, ఏడ్చినా వంగండి అనడానికి తిరగలేదు. మొదట ఒకావిడ, బట్టలు కుట్టే ఆవిడ, మూడోసారి పిలిపిస్తే ఇదిగో ఈ గోడ పట్టుకుని నిలబడిపోయింది. చాల్లే తల్లీ, ఇంటికెళ్ళు అన్నాను. మీరు టీకి వెళ్ళినప్పుడు పైకి వచ్చి, మీ పనిముట్టులో ఆవిడ నిటారు బొమ్మ పెట్టి బటన్ నొక్కాను, వచ్చినదాన్నే వంగిన బొమ్మగా ఫైలులో పెట్టాను. ఎంత వంచాలో నాకేం తెలుసు, అది ఎంత వంచితే అంత. ఒక అంకె మీ లెక్కల్లో కలుస్తుంది, ఒక మనిషికి నొప్పి తప్పుతుంది, ఎవరికి నష్టం అనుకున్నాను. ఆ అంకె డాక్టరు గారి బల్ల మీదికి వెళ్తుందని తెలీదని చెబితే నమ్మకండి. మూడో మనిషి దగ్గరే తెలిసింది. తెలిశాక కూడా ముగ్గురిని చేశాను. మొదటి ముగ్గురి విషయంలో అది జాలి. ఆ తర్వాతది జాలి కాదు, పిరికితనం, చెబితే ఈ గదిలోకి మళ్ళీ రానివ్వరని. రోజూ పొద్దున ఆపరేషన్ల జాబితా చూసుకునేవాణ్ణి, వీళ్ళ పేర్లు ఉన్నాయా అని. ఇవాళ మీ బావ పేరు ఉంది. మీ దగ్గరికే వస్తున్నాను, ఒట్టు, రెండో అంతస్తుదాకా ఎక్కాను కూడా, మీరు పరుగెత్తుకుంటూ దిగి నా పక్కనే ఆగారు, రెయిలింగ్ పట్టుకుని. చెప్పడానికి నోరు తెరిచాను. రాలేదు. మీరు దిగిపోయారు, నేనూ వెనకే దిగి వచ్చి మోకాలి ఫొటో మొదలుపెట్టాను, ఒకటి చాలే చోట నాలుగు తీశాను. ఇదిగో, ఆరుగురి నంబర్లూ పేర్లూ, ఒక్కటీ దాచలేదు. డాక్టరు గారికి నేనే ఇస్తాను, ముందు మీరు చూడండి. మీ బావ ఐదోవాడు. మొదటి నలుగురూ ఆపరేషన్‌కు ఇంకా ఒప్పుకోలేదు, తేదీ పడలేదు, ఎవరినీ కోయలేదు. ఆరో ఆవిడకి మాత్రం బుధవారం ఆపరేషన్. మళ్ళీ వంగి ఫొటో తీయించుకోవాలని ఆవిడకి ఫోను మీరు చేయండమ్మా, నేను చేస్తే రాదు. ఇంక వంగక్కర్లేదని నేను చెబితే నమ్మి ఇంటికెళ్ళిన మనిషి ఆవిడ."